జాబితాల వెంట పరుగు.. టోక్యోలో భోజనానికి బారులు

జపాన్ రాజధాని టోక్యోకు వెళ్లే పర్యాటకుడు నేడు సామానుతో పాటు ఒక జాబితానూ వెంట తీసుకెళుతున్నాడు. సుషీ ఎక్కడ తినాలి, రామెన్ ఎక్కడ రుచి చూడాలి అని చెప్పే ఆ జాబితాల్లో చాలావరకు అవే పేర్లు. ఫలితంగా పట్టుమని పది కుర్చీలు లేని దుకాణం ముందు గంటల తరబడి బారులు తీరుతుండగా, పక్క సందులో అంతే శ్రద్ధగా వండే దుకాణంలో చోటు ఖాళీగానే ఉంటోంది. ఉద్యోగరీత్యా అక్కడున్న పిల్లల వద్దకు, విహారయాత్రకు తెలుగు జిల్లాల నుంచి వెళ్లేవారికీ ఈ చిక్కు తప్పడం లేదు. ఏ హోటల్‌కు వెళ్లాలన్న దానికన్నా, హోటల్‌ను ఎలా ఎంచుకోవాలన్నదే ఇప్పుడు అసలు ప్రశ్న.

రద్దీకి కారణాలివీ..

2013లో జపాన్‌ను సందర్శించిన విదేశీయులు కోటి మందికి కాస్త పైన. ఆ సంఖ్య 2024లో 3.68 కోట్లకు చేరింది. 2025లో నాలుగు కోట్లు దాటింది. టోక్యోకు మిషెలిన్ మార్గదర్శి తొలిసారి 2007లో వెలువడింది. జపాన్ సంప్రదాయ ఆహారం ‘వాషోకు’ 2013లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. వీటికి తోడు యెన్ పతనమైంది. 2024 జులైలో డాలరుకు 160 యెన్ల స్థాయిని దాటింది. విదేశీయుడికి టోక్యో భోజనం ఒక్కసారిగా చౌక అయింది.

అయితే ఈ చౌక స్థానికుడికి దక్కలేదు. 2025 వసంతంలో అయిదు కిలోల బియ్యం సగటు ధర నాలుగు వేల యెన్లు దాటి, ఏడాది క్రితం కన్నా రెట్టింపయింది. గిన్నెడు రామెన్‌కు వెయ్యి యెన్లు మించి వసూలు చేస్తే నిత్యం వచ్చే ఖాతాదారు రాడన్న భయం దుకాణదారుల్లో చిరకాలంగా ఉంది. దీన్నే అక్కడ ‘వెయ్యి యెన్ల గోడ’ అంటారు. మన లెక్కలో అది సుమారు 550-600 రూపాయలు. ఖర్చులు పెరిగి ఆ గోడ కూలుతుంటే నలిగిపోతున్నది మధ్యాహ్నం అక్కడ తినే చిరుద్యోగే.

చేపల మార్కెట్ ఇందుకు చక్కని ఉదాహరణ. త్సుకిజీలోని టోకు మార్కెట్ 2018 అక్టోబరులో తొయోసుకు తరలిపోయింది. పాత చోట బయటి బజారు మాత్రం మిగిలింది. తొయోసులో పర్యాటకుల కోసం 2024 ఫిబ్రవరిలో తెరిచిన భోజన సముదాయంలో, సముద్రపు చేపలు పేర్చిన అన్నం గిన్నె కొన్నిచోట్ల పది వేల యెన్లు మించి పలికింది. స్థానికులు దానికి ‘ఇన్‌బౌండ్ దోన్’, అంటే విదేశీ అతిథుల గిన్నె అని పేరు పెట్టి నిట్టూర్చారు.

పేరు గొప్ప.. ప్రవేశం దుర్లభం

గింజాలోని సుకియాబాషి జిరో సుషీ దుకాణం 2011 నాటి డాక్యుమెంటరీతో జగద్విఖ్యాతమైంది. 2014లో అమెరికా అధ్యక్షుడు ఒబామా అక్కడ భోజనం చేశారు. కానీ సాధారణ ప్రజలు నేరుగా సీటు రిజర్వు చేసుకునే వీలు లేదన్న కారణంతోనే 2019లో మిషెలిన్ ఆ దుకాణాన్ని తన జాబితా నుంచి తప్పించింది. అయినా పర్యాటకుల జాబితాల్లో ఆ పేరు చెరగలేదు.

అప్పట్లో సుగామోలో ఉన్న ‘త్సుతా’ కథ మరొకటి. ప్రపంచంలో మిషెలిన్ స్టార్ పొందిన తొలి రామెన్ దుకాణం ఇదే. 2015 చివర్లో ఆ గుర్తింపు రాగానే జనం ఎగబడ్డారు. ఉదయాన్నే టోకెన్లు ఇచ్చి, మధ్యాహ్నం రమ్మనాల్సి వచ్చింది. ఒక గిన్నె నూడుల్స్ కోసం ప్రయాణంలో సగం రోజు పోతే లాభమెవరికన్నది ఆలోచించాల్సిన విషయం.

ఏవి మేలు?

టోక్యోలో మంచి దుకాణం ప్రధానంగా ఒకే వంటకాన్ని నమ్ముకుంటుంది. ఈ కిటుకు తెలిస్తే ఎంపిక సులువు. సోబా నూడుల్స్‌కు 1880లో మొదలైన కందా యాబు సోబా ఉంది. 2013లో అగ్నిప్రమాదానికి గురైనా మరుసటి ఏడాది మళ్లీ తెరుచుకుంది. అన్నంపై తెంపురా వడ్డించే గిన్నెకు అసకుసాలోని దైకొకుయా (1887), పాశ్చాత్య వంటకాలను జపాన్ రుచికి మలచిన తీరు చూడాలంటే గింజాలోని రెంగాతెయ్ (1895) చెప్పుకోదగినవి. రెంగాతెయ్ పేరు వేయించిన పంది మాంసానికే అని గుర్తుంచుకోవాలి.

ఖరీదైన హోటళ్లలో చాలావాటిలో రాత్రి కన్నా మధ్యాహ్నం ధర బాగా తక్కువ. డిపార్ట్‌మెంట్ స్టోర్ల నేలమాళిగల్లో భోజన ప్యాకెట్లు దొరుకుతాయి. మూసే వేళ దగ్గరపడితే ధర తగ్గిస్తారు. టిప్పు ఇచ్చే ఆచారం లేదు. అయితే మద్యశాలల్లో అడక్కుండానే చిన్న గిన్నె తెచ్చిపెట్టి బిల్లులో కలుపుతారు. అది మోసం కాదు, అక్కడి పద్ధతి. ఇంటర్నెట్‌లో తాబెలోగు రేటింగులు చూసేవారు అయిదుకు 3.5 వస్తే బాగున్నట్టే భావించాలి. జపనీయులు మార్కులు వేయడంలో పొదుపరులు.

శాకాహారులూ.. తస్మాత్ జాగ్రత్త!

మన శాకాహారులకు అసలు పరీక్ష ‘దాషీ’. ఎండబెట్టిన బొనీటో చేప తురుముతో కాచే ఈ చారు సోబాలో, మిసో సూప్‌లో, తెంపురా నంజుకునే రసంలో, చివరికి ఉడికించిన కూరగాయల్లోనూ ఉంటుంది. ‘మాంసం లేదు’ అన్న సమాధానంతో తృప్తి పడరాదు. చేప చారు ఉందా అని విడిగా అడగాలి.

నిశ్చింతగా తినదలచినవారికి టోక్యో స్టేషన్ టికెట్ గేట్ల లోపల ఉన్న ‘టీస్ తాన్‌తాన్’ మేలు. మాంసం, చేప, గుడ్డు, పాలు ఏవీ లేని రామెన్ అక్కడి ప్రత్యేకత. తైతో వార్డులోని ‘బోన్’లో జెన్ ఆలయాల సంప్రదాయ శాకాహారమైన ఫుచా భోజనం వడ్డిస్తారు. ముందుగా రిజర్వు చేసుకోవడం మంచిది.

మన బంధమూ ఉంది

షింజుకులోని నకమురాయాకు భారత స్వాతంత్య్రోద్యమంతో సంబంధముంది. 1915లో జపాన్ చేరిన విప్లవకారుడు రాస్ బిహారీ బోస్‌కు ఆ దుకాణ యజమానులు ఆశ్రయమిచ్చారు. తర్వాత తమ కుమార్తెనిచ్చి వివాహం చేశారు. ఆయన నేర్పిన కోడికూర 1927లో అక్కడి భోజనశాలలోకి వచ్చింది. నేటికీ వడ్డిస్తున్నారు. ఏ మిషెలిన్ స్టారూ ఇవ్వలేని గౌరవమది.

టోక్యో వంట గొప్పదనం పది దుకాణాల సొత్తు కాదు. రోజూ ఒకే పనిని శ్రద్ధగా చేసే వేలాది చిన్న వంటశాలలది. రోజుకు ఒక్క పూట జాబితాకు కేటాయించి, మిగిలిన పూటలు బస చేసిన వీధిలో స్థానికులు తినేచోట తింటే జేబుకూ, కాలానికీ మేలు. వచ్చిన రద్దీ నగరమంతా పంచుకుంటుంది. మధ్యాహ్నం ఆకలితో వచ్చే అక్కడి ఉద్యోగికీ ఒక కుర్చీ మిగులుతుంది.