వేగమా? భావమా?

సంగీత సభలలో కరతాళధ్వనులు ఎప్పుడు మిన్నుముట్టుతాయో గమనించిన వారికి ఒక సంగతి బోధపడుతుంది. వాద్యకారుని వేళ్ళు కంటికి అందనంత వడిగా పరుగెత్తినప్పుడు సభ మారుమ్రోగుతుంది. అతడు ఒక్క స్వరం మీద నిలిచి, దానిని కరిగించి మన గుండెల్లోకి జార్చినప్పుడు సభ మౌనం వహిస్తుంది. ఆ మౌనాన్ని కళాకారుని అపజయంగా లెక్కించడం న్యాయమా అన్నదే మా ప్రశ్న.

గిటారు చేతబట్టి జాజ్ సంగీతాన్ని అభ్యసించే విద్యార్థులకు ఈ ప్రశ్న నిత్యానుభవం. ఒకప్పుడు జాజ్ బృందాలలో గిటారు నాదం బాకాల హోరులో వినబడక, లయకు తోడుగా మాత్రమే ఉండేది. 1939లో బెన్నీ గుడ్‌మన్ బృందంలో చేరిన చార్లీ క్రిస్టియన్ విద్యుత్ గిటారుతో ఆ వాద్యం చేత శాక్సొఫోను వలె పాడించాడు.

మన పాలకొల్లులో 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ గారి గాథ కూడ ఇటువంటిదే. మాండొలిన్ జంట తీగల నాదం మీటిన వెంటనే ఆరిపోతుంది. కర్ణాటక సంగీతానికి ప్రాణమైన గమకం దానిలో నిలువదు. అందుచేత ఆయన అయిదు ఒంటి తీగల విద్యుత్ మాండొలిన్‌ను చేపట్టారు. గురువర్యులు రుద్రరాజు సుబ్బరాజు గారు మాండొలిన్ వాదకులు కారు. వారు పాడి వినిపించగా బాలుడు దానిని తీగల మీద పలికించేవాడు. ఆ చేతికి చదువు చెప్పినది కంఠమే! 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో శ్రోతలను ముగ్ధులను చేసినదీ, తరువాత జాన్ మెక్‌లాఫ్లిన్ గిటారు సరసన ధీటుగా నిలిచినదీ ఆ చెయ్యే.

ఈ రెండు గాథలలోను విద్యుత్తు వాద్యానికి ప్రసాదించిన వరం నాదపు నిలకడ. ఆ వరాన్ని పొందిన మనం దానిని పరుగుకే ధారపోయడం విచారకరం.

అయితే వేగం దోషమని మేము అనడం లేదు. 1928 నాటి అగ్నిప్రమాదంలో ఎడమచేతి రెండు వేళ్ళు దెబ్బతిన్న జాంగో రైన్‌హార్ట్, మిగిలిన వేళ్ళతోనే మెరుపులు మెరిపించాడు. ఆ మెరుపులలో ఉల్లాసమూ ఉంది, వేదనా ఉంది. మరొకవైపు వెస్ మాంట్‌గొమరీ మీటుబిళ్ళను విడిచి బొటనవ్రేలితో మీటి, మెత్తని నాదంతో లోకాన్ని వశపరచుకొన్నాడు. ఇద్దరి చేతా పలికినది హృదయమే. మన ఉర్దూ సోదరులు చక్కని మాటలు రెండు వాడుతారు: చేతి సాధనను ‘తయారీ’ అనీ, వినేవారి మనసును తాకే గుణాన్ని ‘తాసీర్’ అనీ. తయారీ లేనిదే తాసీర్ కలుగదు. కాని తయారీయే తాసీర్ కాదు.

మన నల్లకుంటకు చేరువనే, చిక్కడపల్లి త్యాగరాయ గానసభ ఉంది. విద్యార్థి మిత్రులు ఒక సాయంకాలం అక్కడ కూర్చుండి, రాగాలాపన నెమ్మదిగా విచ్చుకోవడాన్ని ఆలకించాలని మా కోరిక. విలంబంలో శ్రుతి తప్పితే దాచుకొనే చోటు ఉండదు. ద్రుతంలో దొర్లిన పొరపాటు మరుక్షణమే మరుగున పడుతుంది. కనుక ఈ రెండింటిలో కఠిన పరీక్ష ఏదో పాఠకులే నిర్ణయించగలరు.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం ఒక్కటే. వార్షికోత్సవ వాద్యపోటీలలో ప్రతి అభ్యర్థీ ఒక విలంబ రచనను తప్పక వినిపించాలనే నియమం విధించండి. దానికి సగం మార్కులు కేటాయించండి. బహుమతి ఏ దిక్కున ఉంటే సాధన ఆ దిక్కుకే సాగుతుంది. నేడు మనం చప్పట్లతో నేర్పుతున్న పాఠమే రేపటి కళాకారుల స్వభావమవుతుంది. వడిగా వాయించే విద్యార్థిని మెచ్చుకొందాం. మనలను మౌనంలో ముంచిన విద్యార్థిని మరచిపోకుండా ఉందాం.