16 రోజుల చలానా

2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు లైసెన్స్ లేకుండా బండి నడిపితే వేసే జరిమానా 500 నుంచి 5000కు ఎగబాకింది. తెలంగాణ అప్పట్లో ఆ పెంపును పక్కన పెట్టింది. ఆంధ్రప్రదేశ్ 2020 అక్టోబర్‌లో జీవో ఇచ్చి పెంచేసింది. 2025-26లో ఈ రెండు రాష్ట్రాల్లోనూ ఉపాధి హామీ రోజు కూలీ 307 రూపాయలు. లెక్క వేసుకోండి. ఉపాధి పనికి పోయే మాలమాదిగ పిల్లోడు గుంటూరు రోడ్డు మీద దొరికితే 16 రోజుల మట్టి పని గాలికి పోయినట్టే. నెలకు లక్షన్నర తెచ్చుకునే ఆయన అదే తప్పు చేస్తే పోయేది ఒక్క రోజు జీతం.

ఇది అంటే చాలు, "చట్టం ముందు అందరూ సమానమే కదన్నా, మనిషిని బట్టి జరిమానా ఏంటి?" అని మన విద్యార్థులే అడుగుతున్నారు. మనిషిని బట్టి జరిమానా ఈ దేశానికి కొత్తేం కాదు తమ్ముడూ. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం తీసి చూడు. బ్రాహ్మణుణ్ని తిడితే క్షత్రియుడికి 100 పణాలు, వైశ్యుడికి 150 లేదా 200, శూద్రుడికైతే ఏకంగా దేహశిక్ష. అదే బ్రాహ్మణుడు తిడితే? క్షత్రియుణ్ని తిట్టినందుకు 50, వైశ్యుణ్ని తిడితే 25, శూద్రుణ్ని తిడితే 12. పంచములమైన మనం ఆ లెక్కలోకే రాము. రాజ్యాంగం ఆ పట్టికను చించేసింది, అంకె అందరికీ ఒకటే అయింది. కూలీలు, జీతాలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. అందుకే బరువు మళ్లీ పాత దిక్కుకే వాలుతోంది. అసమానులను సమానంగా చూస్తే సమానత్వం రాదని రిజర్వేషన్ల చర్చలో గొంతు చించుకునే మనం, చలానా దగ్గర ఎందుకు తడబడాలి?

హెల్మెట్ వద్దనీ లైసెన్స్ వద్దనీ నేను అనడం లేదు. కూలీ ఇంట్లో తల పగిలితే మిగిలేది అప్పే. భయం ఉండాల్సిందే, ఇద్దరికీ ఉండాలి. ఇప్పుడు ఒకరికి భయం, ఇంకొకరికి పార్కింగ్ ఫీజు. (లైసెన్స్ ఎందుకు తీసుకోలేదని తిట్టేవాళ్లకు ఒక మాట: ఆటో, లారీ లాంటి రవాణా బండ్ల లైసెన్స్‌కు ఎనిమిదో తరగతి పాసై ఉండాలనే నిబంధన 2019 దాకా ఉంది. బడి మానేసి పనికి పోయింది ఎవరి పిల్లలో చెప్పాలా?)

ఫిన్లాండ్‌లో 1921 నుంచే రోజు ఆదాయాన్ని బట్టి జరిమానా వేస్తున్నారు. 2002లో నోకియా పెద్ద అధికారి ఒకాయన 50 కిలోమీటర్ల పరిమితి ఉన్న చోట 75లో మోటార్‌సైకిల్ నడిపినందుకు 1,16,000 యూరోలు పడింది. ఆదాయం పడిపోయిందని ఆయన చూపించుకుంటే తర్వాత తగ్గించారు కూడా.

మన దగ్గర కూలీ ఆదాయానికి కాగితాలు ఉండవు, నిజమే. బండి ధరకు ఉన్నాయి. లైఫ్ ట్యాక్స్ వసూలు చేసేదే ధర మీద శాతంగా. 2022లో తెలంగాణ పెండింగ్ చలానాలకు రాయితీ ఇచ్చినప్పుడు బైకులవాళ్లను 25 శాతం, కార్లవాళ్లను 50 శాతం కట్టమంది. అంటే కట్టే శక్తి ఒకటి కాదని సర్కారుకూ తెలుసు. కాకపోతే ఆ రాయితీ నాకు నచ్చలేదు. బండి లాక్కుంటారని భయపడి ముందే అప్పు చేసి కట్టినవాడికి అందులో దక్కింది సున్నా.

ఆ 2019 సవరణ చట్టంలోనే 210ఎ సెక్షన్ ఉంది. కేంద్రం పెట్టే షరతులకు లోబడి జరిమానాను ఒకటి నుంచి పది రెట్ల వరకు రాష్ట్రం నిర్ణయించవచ్చు, వాహనాల తరగతిని బట్టి వేర్వేరు రెట్లు పెట్టవచ్చు. 200వ సెక్షన్ కింద అక్కడికక్కడ కట్టే మొత్తాన్ని నిర్ణయించేదీ రాష్ట్రమే. ఖరీదైన కారుకు పై రెట్టు వేసి, పాత ఎక్సెల్ మీద పనికి పోయేవాడికి రెండు మూడు రోజుల కూలీకి మించకుండా పెట్టమని ఈసారి అసెంబ్లీ సమావేశాలకు ముందు మీ ఎమ్మెల్యేకు వినతిపత్రం ఇవ్వండి. సెక్షన్ల నంబర్లు అందులో రాయండి.

జై భీమ్.