మన నగర విజేత జట్లలో అగ్రస్థానము ఎవరిది?

కప్పు గెలిచిన ప్రతి జట్టూ గొప్పదే. కాని వేరు వేరు కాలములలో గెలిచిన జట్లలో అన్నిటికన్న గొప్పది ఏది అని అడిగినప్పుడు వాదము మొదలవుతుంది. ఒకదానితో ఒకటి ఎన్నడూ తలపడని జట్లను ఎట్లు పోల్చగలము? నాంపల్లి, ఆబిడ్స్ హోటళ్లలో ఎన్ని కప్పుల చాయ్ త్రాగినా తేలని చిక్కు ఇది.

విద్యార్థులకు దీనికి ఒక ఉపాయము తెలుసు. రెండు జట్ల పేర్లు కాగితము మీద వ్రాసి, పాఠ్యపుస్తకము తెరచి, పుటసంఖ్యలోని చివరి అంకెను పరుగులుగా లెక్కిస్తారు. సున్నా వస్తే వికెట్టు పడినట్లే. అమెరికాలో బేస్‌బాల్ అభిమానులు ఇదే పనిని ఇంకా శ్రద్ధగా చేస్తారు. ఆటగాళ్ల గణాంకములను అట్టల మీద ముద్రించి, పాచికలు వేసి ఊహా లీగులు నడిపించే స్ట్రాట్-ఓ-మ్యాటిక్ అనే ఆట అక్కడ 1961లోనే వెలువడింది. నేడు ఆ పాచికల పని కంప్యూటరు చేస్తున్నది. వినోదముగా ఇది మంచిదే. కాని పాచికకు అంకెలే తెలుసు. ఆ ఆటగాడు ఏ వీధిలో పెరిగాడో, ఎవరి వద్ద నేర్చాడో, తన తరువాత ఎవరిని తయారు చేశాడో దానికి తెలియదు.

కనుక మేము పాచికలను ప్రక్కన పెట్టి నాలుగు కొలతలను ఎంచుకొన్నాము. ఓడించిన ప్రత్యర్థి ఎంతటివాడు? విజయము ఎన్నాళ్లు నిలిచింది? ఆటగాళ్లు ఈ నేలలో తయారైనవారేనా? కప్పు అల్మారాలోకి చేరిన తరువాత ఆ జట్టు నగరమునకు ఏమి మిగిల్చింది? ఈ కొలతలతో మేము నిర్ణయించిన వరుసను చదువరుల ముందుంచుతున్నాము.

ప్రథమ స్థానము హైదరాబాద్ సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టునకు. బొంబాయిలో జరుగుతుండిన రోవర్స్ కప్పును 1950 నుండి 1954 వరకు ఐదు సంవత్సరములు వరుసగా ఈ జట్టే గెలిచింది. 1940 తరువాత ఆగిపోయిన డ్యూరాండ్ కప్పు 1950లో తిరిగి మొదలైనప్పుడు, తుది పోటీలో కలకత్తా మోహన్ బగాన్‌ను ఓడించి దానినీ తెచ్చింది. 1954లోను, 1957లోను మళ్లీ డ్యూరాండ్ విజేతగా నిలిచింది. ఆ ఐదేళ్ల నడుమ దేశములో ఆట స్వరూపమే మారింది. 1952 హెల్సింకీ ఒలింపిక్సులో మన ఆటగాళ్లు పలువురు వట్టి కాళ్లతో ఆడి యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిన పిమ్మట బూట్లు తప్పనిసరి అయినవి. ఆట ఇంతగా మారినా పోలీసు జట్టు విజయముల వరుస తెగలేదు.

ఈ జట్టు వెనుక ఉన్నది ఒక బడిపంతులు. సయ్యద్ అబ్దుల్ రహీమ్ ఉస్మానియా పట్టభద్రుడు, ఉపాధ్యాయుడు. బంతిని కాలికి అంటిపెట్టుకొని తిరిగే అలవాటు పోవుటకు ఆయన డ్రిబ్లింగు నిషేధించిన పోటీలు పెట్టించాడు. బలహీనమైన కాలు బలపడుటకు ఆ కాలితోనే ఆడవలసిన పోటీలు పెట్టించాడు. ఇది మైదానమును తరగతి గదిగా మార్చిన విద్య. ఆ విద్య పోలీసు జట్టుతో ఆగిపోలేదు. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణములు గెలిచింది; 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానము పొందింది. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ వంటి పోలీసు ఆటగాళ్లు దేశము కొరకు ఒలింపిక్సు ఆడారు. నాలుగవ కొలత దగ్గర ఈ జట్టుకు సాటి రాగలది మరొకటి లేదు.

ద్వితీయ స్థానము సంతోష్ ట్రోఫీని 1956-57, 1957-58 సంవత్సరములలో వరుసగా గెలిచిన హైదరాబాద్ జట్టునకు. ఇది పైచెట్టుకు కాసిన కాయే. అమ్ముగూడ నుండి వచ్చిన తులసీదాస్ బలరామ్ ఈ కాలపు తార. ఆయన 1957లో కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లిపోయాడు. నగరము ఆటగాళ్లను తయారు చేయుట, కలకత్తా వారిని తీసుకొనిపోవుట అప్పటికే మొదలైనదని గుర్తింపవలెను.

తృతీయ, చతుర్థ స్థానములు రంజీ ట్రోఫీ గెలిచిన రెండు క్రికెట్ జట్లవి. ఈ రెంటికీ ఒక పోలిక ఉన్నది. 1937-38లో మనవారు తుది పోటీలో ఓడించినది అంతకు ముందటి ఏటి విజేత నవానగర్‌ను. 1986-87లో ఓడించినది అంతకు ముందటి ఏటి విజేత ఢిల్లీని. రెండూ అంచు మీద నడిచిన విజయములే. మొదటిసారి 310 పరుగుల లక్ష్యమునకు ఎదుల్జీ ఐబరా 137 పరుగులతో అజేయముగా నిలువగా, ఒక్క వికెట్టు తేడాతో కప్పు దక్కింది. రెండవసారి ఢిల్లీవారి సొంత కోట్లా మైదానములో తొలి ఇన్నింగ్స్ ఆధిక్యముతో దక్కింది. ఆ రెండవ జట్టుకు నాయకుడు ఎం.వి. నరసింహారావు. ఆ ఋతువులోనే అబ్దుల్ అజీమ్ తమిళనాడుపై 303 పరుగులు చేసి అజేయముగా నిలిచాడు. 1937 నాటికి పోటీకి వచ్చే జట్లు కొద్ది, ఆడవలసిన ఆటలు కొద్ది. 1986 నాటి దారి చాల పొడుగు. అందుచేత మూడవ స్థానము 1986-87 జట్టుకు, నాలుగవది ఐబరా జట్టుకు ఇస్తున్నాము.

ఇక నేటి తరము వెంటనే అడిగే ప్రశ్న: 2009లో దక్కన్ చార్జర్స్, 2016లో సన్‌రైజర్స్ ఐ.పి.ఎల్. గెలువలేదా? 2021-22లో హైదరాబాద్ ఫుట్‌బాల్ క్లబ్ ఐ.ఎస్.ఎల్. గెలువలేదా? గెలిచినవి. ముందటి ఏడు అట్టడుగున ఉన్న చార్జర్స్ మరుసటి ఏడు విజేత కావుట చిన్న సంగతి కాదు. కాని ఆ విజయములలో నగర బాలురు ఎందరు? వేలంలో కొన్న జట్టుకు ఊరి పేరు అంగీ వంటిది. చార్జర్స్ 2012తో ముగిసింది, ఐ.ఎస్.ఎల్. గెలిచిన క్లబ్బు 2025లో ఢిల్లీకి తరలిపోయింది. మొదటి రెండు కొలతలలో ఇవి నిలిచినా మూడవ, నాలుగవ కొలతలలో తూగవు. వీటికి ఐదవ స్థానమును ఉమ్మడిగా ఇచ్చుటయే న్యాయము.

మరొక జట్టును వరుసలో చేర్చలేక బాధపడుతున్నాము. ఎం.ఎల్. జయసింహ నాయకత్వములో పటౌడీ, అబ్బాస్ అలీ బేగ్, ఆబిద్ అలీ ఆడిన జట్టు అది. 1971 వెస్టిండీస్ పర్యటనకు ఈ ఒక్క నగరము నుండి జయసింహ, ఆబిద్ అలీ, గోవిందరాజ్, కృష్ణమూర్తి, జయంతిలాల్ అను ఐదుగురు వెళ్లారు. అయినను రంజీ కప్పు ఆ తరమునకు దక్కలేదు. మేము లెక్కించుచున్నది విజేతలను గనుక నియమము తప్పలేము.

మా వరుసకు రెండు ఆక్షేపణలు రావచ్చును. పోలీసు ఆటగాళ్లకు ఉద్యోగము, జీతము, ప్రతిదిన అభ్యాసము ఉండెను గదా, అది సమానమైన పోటీయా అని మొదటిది. నిజమే. కాని ఇది ఆ జట్టుకు లోపము కాదు, మనకు పాఠము. పేదయింటి కుర్రవానికి నిలుకడైన జీవనోపాధి చూపించినచోట ఆట వృద్ధి పొందుతుంది. ఆ ఆధారము తొలగినచోట ఎండిపోతుంది. నేటి క్రీడాకారుల శక్తి, వేగము ముందు నాటివారు నిలువగలరా అన్నది రెండవది. నిలువకపోవచ్చును. ఒక తరమును దాని కాలపు ప్రత్యర్థులతో తూచవలెను గాని, దాని తరువాత పుట్టిన విద్యతో తూచరాదు.

ఇప్పుడు అసలు సంగతి. ఈ వరుసను నిర్ణయించుట మాకు కష్టము కాలేదు. ఆధారములు కూర్చుకొనుట కష్టమైనది. క్రికెట్టుకు ప్రతి పరుగూ లెక్కలో ఉన్నది. పోలీసు జట్టు కథలో పెద్ద భాగము పెద్దల నోటనే, అందునా ఉర్దూలోనే ఉన్నది. ఫతే మైదాన్ ప్రక్కగా రోజూ కళాశాలకు వచ్చే తెలుగు విద్యార్థికి రహీమ్ సాహెబు పేరు తెలియదు. ఆయన 1963లో మరణించాడు. ఆయనపై 'మైదాన్' అను హిందీ చిత్రము వచ్చినది 2024లో. బలరామ్ 2023లో కన్నుమూశాడు. మన పొరుగు ఉపాధ్యాయుని గురించి బొంబాయి చిత్రము చూసి తెలుసుకొనుట మనకు గౌరవము కాదు.

ఈ సంచికలో ఉర్దూ పుటలు, తెలుగు పుటలు ఒకే అట్టల నడుమ ఉన్నవి. ఒకవైపు ఉన్న జ్ఞాపకమును మరొకవైపునకు చేర్చుటకు ఇంతకన్న తగిన చోటు లేదు. కళాశాల కార్యవర్గమునకు మా విన్నపము ఇది: ఉర్దూ విద్యార్థి ఒకడు, తెలుగు విద్యార్థి ఒకడు జతగా వృద్ధ క్రీడాకారుల ఇండ్లకు వెళ్లి, వారు చెప్పినది వ్రాసుకొని, ప్రతి సంవత్సరము రెండు భాషలలోను ప్రకటించే ఏర్పాటు చేయవలెను. దీనికి కాగితము, కలము, రెండు సాయంకాలములు చాలును. మైదానము సంపాదించుట మన చేతిలో లేకపోవచ్చును. ఈ పని మన చేతిలోనే ఉన్నది. మా వరుసతో ఏకీభవింపని మిత్రులు మరింత మంచి ఆధారములతో వచ్చే సంచికలో మమ్ము ఓడింతురుగాక!