తూము ఎత్తినవాడే దించాలి

కంప్యూటర్ చదువంటే ప్రోగ్రాము రాయడమే అనుకునే రోజులివి. రాసిన ప్రోగ్రామును ఏ పరిస్థితుల్లో పరీక్షించామన్నది మన ప్రాక్టికల్సులో పట్టించుకునే నాథుడే లేడు.

ఏ భాష, ఏ ప్రాంతపు గడియారం, ఏ ఫైలు ఎక్కడుంది అన్న సంగతులను ప్రోగ్రాము ‘ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్’ నుంచి తెలుసుకుంటుంది. వాటిలో ‘టీజెడ్’ అనేది ఏ ప్రాంతపు కాలమో చెబుతుంది. చిన్న విషయమే! కాని దివిసీమ వాడికి చిన్నది కాదు.

మన కాలం అంతర్జాతీయ కాలం కంటే 5 గంటల 30 నిమిషాలు ముందు. ఒక విద్యార్థి తుఫాను హెచ్చరికలు చూపే ప్రోగ్రాము రాశాడనుకుందాం. బందరులో వాడి కంప్యూటరు మన కాలంలోనే ఉంది కనుక అన్నీ సవ్యంగా వస్తాయి. దాన్నే అంతర్జాతీయ కాలంలో నడిచే సర్వరు మీదికి ఎక్కిస్తే? మన రాత్రి 9 గంటలను అది అక్కడి కాలమనుకుంటే, పల్లెలో ఫోను మీద తెల్లవారుజాము 2-30 అని పడుతుంది. ఇంకా వ్యవధి ఉందిలే అని పడుకున్నవాళ్ల గతేమిటి? 1977 నవంబరు 19 నాటి ఉప్పెన కథలు వింటూ పెరిగిన ఇళ్లు మావి. ఐదున్నర గంటల విలువ మాకు ఒకరు చెప్పనక్కర్లేదు.

అందుకే టీజెడ్‌ను కాసేపు మార్చి, రెండు కాలాల్లోనూ పరీక్షించాలి. మార్చడం తప్పు కాదు, మార్చి వదిలెయ్యడం తప్పు. లినక్సులో ఆజ్ఞకు ముందు అదే వరుసలో విలువ రాస్తే ఆ ఒక్క ఆజ్ఞకే వర్తిస్తుంది. విండోస్ కమాండ్ ప్రాంప్టులో ‘సెట్’ అంటే ఆ విండో మూసేదాకానే. ‘సెట్‌ఎక్స్’ అంటే మళ్లీ మార్చేదాకా ఉండిపోతుంది. పైథాన్‌లో పైటెస్ట్ ‘మంకీప్యాచ్’ ద్వారా మారిస్తే, పరీక్ష నెగ్గినా ఓడినా పాత విలువ తిరిగి వచ్చేస్తుంది.

కాలువ చివరి పొలాల్లో మా వంతు వచ్చినప్పుడు తూము ఎత్తుతాం, చేను తడిశాక దించుతాం. ఎత్తినవాడు ఇంటికి పోయి పడుకుంటే పక్క చేను మునుగుతుంది, దిగువ చేనుకు చుక్క దక్కదు. పదిమంది వాడే ల్యాబు కంప్యూటరూ అంతే. నిన్న ఎవరో మార్చి వదిలేసిన విలువ వల్ల ఇవాళ ఒకడు తన ప్రోగ్రాములో లేని తప్పు కోసం గంటలకొద్దీ వెతుక్కుంటాడు. ఇంకొకడి తప్పు ప్రోగ్రాము ఒప్పుగా చెలామణీ అవుతుంది. ఈ రెండోది మరీ ప్రమాదం.

“మార్కులు అవుట్‌పుట్‌కే కదా, ఈ పట్టింపంతా దేనికి?” అంటారు కొందరు మిత్రులు. స్క్రూగేజి జీరో ఎర్రర్ చూడకుండా తీసిన కొలతను ఫిజిక్సు ల్యాబులో ఒప్పుకుంటామా? మరి కంప్యూటరుకు వేరే న్యాయం ఎందుకు?

అధ్యాపకులకు నా మనవి ఒక్కటే. రికార్డులో అవుట్‌పుట్ పక్కనే, ఏ విలువలు మార్చి పరీక్షించామో, తిరిగి ఎలా సరిచేశామో కూడా రాయించండి. మిత్రులారా! బందరువాళ్లమైనా, గుడివాడవాళ్లమైనా, దివివాళ్లమైనా రేపు మనం రాసే ప్రోగ్రాములు మన బల్ల మీదనే ఉండిపోవు. ఎక్కడో, ఎవరి ప్రాణం మీదనో నడుస్తాయి. ఆలోచించండి!