ఏ రైలుమార్గమును నిర్మింపవలెను?

మన విద్యార్థులు కొందఱు సెలవు దినములలో కంప్యూటరుపై రైలుబండ్లను నడపు సిమ్యులేటరు క్రీడయందు మిక్కిలి ఆసక్తి గలవారై యున్నారు. వారు నడపుటతో తృప్తి నొందక, తామే యొక మార్గమును నిర్మింప సంకల్పించి, ఏది తగునని నన్నడిగిరి. వారి మనస్సు ఢిల్లీ–ముంబయి మార్గముపై నున్నది. ఆ యెన్నిక నాకు సమ్మతము కాదు. వేగమును జూచి మురియుట బాల్యమునకు సహజమే. కాని తిన్నని బాటపై గంటలకొలది ఒకే వేగముతో పోవు బండిలో డ్రైవరునకు చేతినిండ పని యేది? దాదాపు 1,400 కిలోమీటర్ల పొడవున ప్రతి స్టేషనును, ప్రతి సిగ్నలును నిలుపునప్పటికి ఈ బాలురు తాతలగుదురు.

2001లో మైక్రోసాఫ్టువారు వెలువరించిన ట్రెయిన్ సిమ్యులేటరులో జపానునందలి హిసాత్సు మార్గము చేర్చబడెను. అది వేగమునకు పేరు గన్నది కాదు. ఒకోబా యను స్టేషనువద్ద దారి కొండచుట్టు మెలిక తిరుగును. బండి వెనుకకు నడచి, మరల ముందుకు సాగి, కొండ నెక్కవలెను. 2020 జూలై వరదలలో ఆ మార్గము దెబ్బతిని బండ్లు నిలిచిపోయెను. అట్టి కాలమున, నిజమైన దారిపై లేని ప్రయాణము క్రీడలో దొరకినది. ఇది నన్ను మిక్కిలి ఆలోచింపజేసినది.

మన ప్రాంతమున కొత్తవలస–కిరండూలు మార్గము కలదు. బైలాదీలా ఇనుప ఖనిజమును విశాఖపట్టణపు రేవునకు దెచ్చి జపానునకు పంపుటకై 1960వ దశకమున దానిని నిర్మించిరి. అనంతగిరి కొండలలో సొరంగము వెంబడి సొరంగము. బరువుతో నిండిన బండిని దిగుడున అదుపులో నుంచుటయే అచ్చట విద్య. పెద్ద విద్యార్థులకు అది తగును.

అయినను నా యెన్నిక అది కాదు. కొవ్వూరునుండి రాజమహేంద్రవరమునకు గోదావరిపైనున్న పాత హేవ్‌లాక్ వంతెన. 1897లో ఆరంభమై 1900లో తెఱవబడిన యీ వంతెనకు 56 ఖానాలు. ఒక్కొక్కటి 150 అడుగులు. అన్నియు నొక్కతీరుగా నున్నవి గనుక, ఒక గర్డరును చక్కగా గీచినచో తక్కిన 55 వచ్చినట్లే! కొత్తవారికి ఇంతకంటె అనుకూలమేమున్నది? 1974లో రెండవ వంతెన వచ్చువఱకు నదిపై నొకే దారి. ఎదురుబండి దాటువఱకు కొవ్వూరిలో వేచియుండవలెను. సమయపాలనము నేర్పుటకు ఈ వేచియుండుటయే చాలును.

1997లో ఆ వంతెనపై రాకపోకలు ఆగెను. బాల్యమున మా నాయనగారితో దానిని దాటితిని. బండి నెమ్మదించుట, గర్డరుల నీడలు ముఖములపై వరుసగా పాఱుట, ఎవరో విసరిన నాణెము ఇనుమునకు దగిలి ఖంగుమనుట నాకిప్పటికిని జ్ఞాపకమున్నవి. స్తంభములు నేటికిని నిలిచియున్నవి. వానిని ఎప్పుడైనను కొలువవచ్చును. ఆ ధ్వనిని ఎఱిగిన వృద్ధులు మాత్రము ఏటేట తగ్గిపోవుచున్నారు. ఢిల్లీ మార్గము పదేండ్ల తరువాతను ఉండును.

కావున తలిదండ్రులకు నా మనవి: ఇంటనున్న తాతగారిని, అమ్మమ్మగారిని ఈ సంగతి పిల్లలకు చెప్పనిండు, పాత ఫోటోలున్న ఇచ్చి పంపుడు. మొదటి గర్డరు గీచి తెచ్చిన బాలునితో శనివారము సాయంకాలము నేను కూర్చుండెదను.