పులి జాడ చెంచుకెరుక

కొండముచ్చు అరిస్తే మనకు కోతిగోల. నల్లమలలో చెంచుకు అదో కబురు. ఏ దిక్కున అరిచింది, ఎంతసేపు అరిచింది, దుప్పి కూడా గొంతు కలిపిందా... ఇంత వింటే చాలు, పులి కదిలిందేమో పసిగట్టేస్తారు.

ఈ విద్య విలువ అటవీశాఖకు కాస్త ఆలస్యంగానే తెలిసింది. నాగార్జునసాగర్‌-శ్రీశైలం అడవి 1983లో పులుల ప్రాజెక్టు కిందికి వచ్చింది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ వైపు భాగం అమ్రాబాద్‌ పేరుతో వేరుపడినా, విస్తీర్ణంలో దేశంలోకెల్లా పెద్దది ఇప్పటికీ ఇదే. నక్సలైట్లు, పోలీసుల పోరు సాగిన రోజుల్లో అటవీ సిబ్బంది లోపలికి అడుగుపెట్టడమే గగనమైపోయింది. వేటగాళ్లకు అంతకన్నా ఏం కావాలి! పరిస్థితి కుదుటపడ్డాక లోతట్టున బేస్‌ క్యాంపులు వెలిశాయి. వాటిలో కాపలాకు చెంచు యువకుల్ని తీసుకున్నారు.

అటవీ కాపలా అనగానే మనకు జీపు, తుపాకీ గుర్తొస్తాయి. ఇక్కడ పనంతా నడకే. వాగుల వెంట, కుంటల చుట్టూ తిరుగుతూ పాదముద్రలు చూడాలి. చెట్ల మీద గోటిగాట్లు వెతకాలి. పొదల మాటున వేటగాళ్లు బిగించిన తీగ ఉచ్చుల్ని పీకెయ్యాలి. వేసవిలో మంటలు అంటుకుంటే ఆర్పాలి. ఏ దారిలో కెమెరా కడితే పులి పడుతుందో వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? ఆంధ్రప్రదేశ్‌లో 2018 లెక్కల్లో 48 పులులుంటే, 2022 నాటికి 63 అయ్యాయి. ఎక్కువ భాగం నల్లమలవే. అదంతా చెంచుల చలవే అనడం అతిశయోక్తి. వాళ్లు లేకుండా అయ్యేదా అంటే మాత్రం అనుమానమే.

వీళ్లకు అడవి కొత్తగా నేర్పాల్సిన పాఠం కాదు. తేనె కోసం కొండచరియ మీంచి తాడు కట్టుకుని దిగుతారు. పైన తాడు పట్టేది బావమరిది అంటారు. తోబుట్టువు పసుపుకుంకుమలు తన చేతిలోనే ఉన్నాయి కాబట్టి చచ్చినా వదలడని ధీమా! అంత కష్టపడి దిగినా పట్టు మొత్తం కొయ్యరు, ఈగలకు కొంత ఉంచేస్తారు. గడ్డ తవ్వుకున్నా తీగను మళ్లీ పాతి వస్తారు. అన్నట్టు, వీళ్ల ఊళ్లను 'పెంట'లంటారు. మన వాడుకలో ఆ మాటకు పట్టిన గతే, మన దృష్టిలో ఆ ఊళ్లకూ పట్టినట్టుంది.

ఇంతా చేసి ఈ కాపలాదారులు ఉద్యోగులా? చాలామంది తాత్కాలిక పనివాళ్లే. నివేదికల్లో దీన్నే 'ప్రజల భాగస్వామ్యం' అని రాసుకుంటారు. భాగస్వామి అంటే మాట చెల్లాలి, వాటా ఉండాలి. కూలి డబ్బులు మాత్రమే ముట్టేవాణ్ని కూలీ అనే అంటారు.

2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. మనుషులు, మృగాలు కలిసి ఉండటం సాధ్యం కాదని తేలాలి. గ్రామసభ మనస్ఫూర్తిగా ఒప్పుకోవాలి. ఆ తర్వాతే ఊరు కదిలించాలి. 2024 జూన్‌లో జాతీయ పులుల సంరక్షణ సంస్థ మాత్రం పులుల కీలక ప్రాంతాల్లో ఉన్న 591 ఊళ్లను, 64,801 కుటుంబాలను తరలించే పని త్వరగా చూడమని రాష్ట్రాలకు లేఖ రాసింది. పులికి కాపలా కాసిన చేతులకే మూటాముల్లె సర్దుకోమని చెప్పడమన్నమాట.

పక్క రాష్ట్రం కర్ణాటకలో, బిళిగిరి రంగన కొండల్లో సోలిగలు ఉన్నారు. అదీ పులుల అడవే. అక్కడి సోలిగ గ్రామసభలకు 2011లో సామూహిక అటవీ హక్కులు దక్కాయి. 2010లో 35గా ఉన్న పులులు 2014కి 68 అయ్యాయి. హక్కులివ్వడం వల్లే పెరిగాయని తేల్చలేం గానీ, హక్కులిస్తే పులులు పోతాయన్న భయానికి మాత్రం ఆధారం లేకుండా పోయింది.

చెంచుల్లో అందరిదీ ఒకే మాట కాదు. పిల్లల చదువు కోసం, ఆస్పత్రి కోసం రోడ్డు పక్కకు వెళ్లిపోదామనుకునేవాళ్లూ ఉన్నారు. వెళ్లనివ్వాలి, చెప్పిన సొమ్మూ భూమీ చేతికిచ్చి మరీ పంపాలి. ఉంటామన్నవాళ్లకు హక్కు పత్రం ఇచ్చి, క్యాంపు కొలువుకు భద్రత కల్పించాలి. ఏది కావాలో తేల్చాల్సింది పెంటలో కూర్చున్న సభ. అక్కడ సంతకాలు, వేలిముద్రలు పడేముందు ఆ కాగితంలో ఏముందో ఎవరైనా తెలుగులో చదివి వినిపించారా? అధికారుల్ని ముందుగా అడగాల్సిన ప్రశ్న ఇదే.