పంపితిమి సరే, అందినదా?

"ఫైలు పంపించాను, చూసుకోండి" అని ఎవరైనా అంటే నాకు గుండె ఝల్లుమంటుంది. అది తెలుగు ఫైలైతే మరీను. పంపడంతోనే పంపినవారి బాధ్యత తీరిపోయిందనీ, తెరిచి చదువుకోలేకపోతే ఆ దోషం అందుకున్నవారిదేననీ మనలో ఒక దురభిప్రాయం పాతుకుపోయింది. దానిని ఖండించడానికే ఈ టపా.

ముందు నా గోడు వినండి. 1998లో చిట్యాల చుట్టుపక్కల పల్లెలలో మా విద్యార్థుల చేత వృద్ధుల పలుకుబడులను సేకరింపజేశాను. గొర్లకాపరులు, సాలెలు, వడ్రంగులు తమ తమ పనులలో వాడే మాటలు ఆరు వందలకు పైబడి పోగయ్యాయి. వాటిని ఒక డీటీపీ కేంద్రంలో టైపు చేయించి ఫ్లాపీలో భద్రపరచుకున్నాను. నోటుపుస్తకాలను చెద తినేసింది. ఫ్లాపీ నుండి సీడీకి, సీడీ నుండి పెన్‌డ్రైవుకు మారుతూ వచ్చిన ఫైలు మాత్రం చెక్కుచెదరలేదు. తెరిచి చూద్దును గదా, ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, నక్షత్రాలు! తెలుగన్నది మచ్చుకైనా లేదు. ఆ మాటలు చెప్పిన పెద్దలలో నేడు ఒక్కరూ మిగలలేదు.

నా పూర్వవిద్యార్థి ఒకడు ఆ మధ్య ఇంటికి వచ్చాడు. 1990ల చివర అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ తిరిగి కోబాల్, జేసీఎల్ నేర్చుకుని, వై2కే గిరాకీలో ఉద్యోగాలు సంపాదించిన పిల్లలలో వాడొకడు. ఫైలు చూసి, "ఇది ఖరాబు కాలే సార్. అండ్ల ఏ గుర్తు ఏ అక్షరమో చెప్పే ఫాంటు లేదు, గంతే" అన్నాడు. ఆపైన తాను పనిచేసిన మెయిన్‌ఫ్రేములో ఒకరి ఫైలు మరొకరికి చేరే విధానం వివరించాడు. వింటూంటే, అక్షరాలు నేర్పిన వృత్తివాడినై ఉండీ ఈపాటి జాగ్రత్త నాకు తోచలేదే అని సిగ్గు వేసింది.

ఐబీఎం మెయిన్‌ఫ్రేములో టీఎస్ఓ కింద ట్రాన్స్‌మిట్, రిసీవ్ అని రెండు ఆదేశాలు ఉన్నాయి. పంపేవాడు చేరవలసిన యంత్రం పేరు, మనిషి గుర్తు, ఫైలు పేరు చెబుతాడు. యంత్రం ఫైలును 80 బైట్ల ముక్కలుగా చేస్తుంది. ఒకనాటి చిల్లుల కార్డుకు 80 గడులు ఉండేవి. ఆ కొలతే ఇది. ఆ ముక్కలకు ముందు, పంపినదెవరు, ఎప్పుడు, ఫైలు ఏ రకం, పంక్తి నిడివి ఎంత అన్న వివరాలను చేరుస్తుంది. అందుకునేవాడు రిసీవ్ అనగానే ఆ వివరాలను బట్టి ఫైలును మునుపటి ఆకారంలోనే తిరిగి కడుతుంది. అందినట్లు పంపినవాడికి కబురు కూడా చేరుతుంది. వీఎం అనే మరొక వ్యవస్థలో సెండ్‌ఫైల్ అంటారు. అక్కడ ప్రతి వాడుకరికీ కంటికి కనబడని కార్డు రీడరు ఒకటి ఉంటుంది. వచ్చిన ఫైలు అందులో వేచి ఉంటుంది. 1981లో న్యూయార్కు నగర విశ్వవిద్యాలయానికీ యేల్‌కూ నడుమ మొదలైన బిట్‌నెట్ ఈ తరహా పద్ధతి మీదనే పెరిగింది.

మా పండితుల భాషలో చెప్పాలంటే ఇది సమాసం పంపుతూ విగ్రహవాక్యం కూడా జతచేయడం. మనం సమాసం ఒక్కటే విసిరి, విగ్రహం మీరే చెప్పుకోండి అంటున్నాము.

మెయిన్‌ఫ్రేములో అంతా సుఖమేనని నేననను. దాని ఎబ్సిడిక్ సంకేతంలో ఇంగ్లీషు పెద్ద 'ఏ' సంఖ్య 193. మన కంప్యూటర్ల ఆస్కీలో 65. ట్రాన్స్‌మిట్ కట్టిన మూటను ఉన్నదున్నట్లు గాక పాఠంగా భావించి ఇటు దించితే దారిలోనే అక్షరాలు తర్జుమా అయి మూట చెడుతుంది. అందుకే ఆ వృత్తివారు "బైనరీలో దించు" అని మొదటే హెచ్చరిస్తారు. సంకేతాలు వేరని ఎరిగినవారు గనుకనే వారికి ఆ జాగ్రత్త.

మనకో? తెలుగుకు యూనికోడులో 1991లోనే చోటు దక్కింది. 'అ'కు 0సి05, 'క'కు 0సి15. ఏ దేశంలో ఏ యంత్రంలో తెరిచినా అవే. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు కూడా ఉండెను. అంతకుముందే ప్రవాసాంధ్రులు ఆర్టీఎస్ పద్ధతిలో తెలుగును ఇంగ్లీషు లిపిలో రాసి పంపుకున్నారు. చూపులకు ఇంపు కాకపోయినా, ఆ రాతలు నేటికీ చదువ శక్యములే! అందంగా కనిపించిన నా ఫైలేమో మూగబోయింది.

"అచ్చువారు ఆ ఫాంటే అడుగుతారు" అనేవారికి నా జవాబు: అచ్చుకు కావలసినది అచ్చువారికి ఇవ్వండి, మూలప్రతిని మాత్రం యూనికోడులో ఉంచండి. "పీడీఎఫ్ పంపాముగా, ఫోటో తీసి పెట్టాముగా" అనేవారికి: బొమ్మలో అక్షరం కంటికి కనబడుతుంది గాని వెదికితే దొరకదు, దిద్దితే దిద్దుబడదు. "మార్పిడి సాధనాలున్నాయిగా" అనేవారికి: ఫాంటు పేరు తెలిస్తే కదా మార్పిడి! నా ఫైలు ఫాంటు పేరు టైపు చేసినవారికే గుర్తులేదు.

చివరకు దారి చూపినది నా చాదస్తమే. ప్రతి మాట పక్కన "అనగా" అని రాయించి అర్థం చెప్పించాను. పదే పదే వచ్చే ఆ గుర్తుల వరుసను పట్టుకుని అ, న, గా పోల్చాము. అక్కడినుండి ఒక్కొక్క గుర్తే విప్పుతూ గురుశిష్యులము ఇప్పటికి నూట నలభై మాటలు రాబట్టాము. తక్కినవి ఎప్పటికి తెములుతాయో!

మిత్రులారా, మీ పాత పెట్టెలలో ఇటువంటి ఫైళ్ళు ఉండే ఉంటాయి. ఫాంటు పేరు తెలిసినవారు బతికి ఉండగానే తెరిచి, యూనికోడులోకి మార్చి పెట్టుకోండి. ఇకమీద ఎవరికైనా తెలుగు పంపితే, తెరిచి ఒక్క వాక్యం చదివి వినిపించమని అడగండి. వారు చదివిననాడే మీరు పంపినట్లు.